మోటార్‌హోమ్ గోడలో చప్పుడు

నేను నర్సుని. చనిపోయినవాళ్ల ఒళ్లు తుడిచి, కళ్లు మూసి, దుప్పటి కప్పిన చేతులివి. దయ్యాలూ ఆత్మలూ నిజంగా ఉంటే అందరికంటే ముందు మాకే కనిపించాలి కదా అని వాదించేదాన్ని. చర్చిలో ఎవరైనా అలాంటి సాక్ష్యం చెబితే తలవంచుకుని నవ్వాపుకునేదాన్ని. ఇది ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పకపోవడానికి కారణం అదే.

మా అక్క కిల్కెన్నీ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తుంది. నేను ఉండేది డబ్లిన్‌లో, టాలట్‌లో. కారులో గంటన్నర దూరం. ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గానీ ఆమెకు సెలవుంటే నాకు డ్యూటీ, నాకు సెలవుంటే ఆమెకు డ్యూటీ. ఏ క్రిస్మస్‌కో కలిసినా, వంటింట్లో గిన్నెలు కడుగుతూ మాట్లాడుకోవడమే.

అందుకే ఇద్దరం కలిసి ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాం, లోపలే మంచం, వంటపొయ్యి ఉండే బండి. మా ఆయన దాన్ని చూసి తల పట్టుకున్నాడు. అక్క మాత్రం మురిసిపోయింది. "ఒక్క వారమేనే. నువ్వూ నేనూ. పడమటి సముద్రం దాకా పోదాం. మీ బావనీ, మీ ఆయన్నీ వండుకు తినమందాం" అంది.

కొన్న కొద్దిరోజులకే లాక్‌డౌన్ వచ్చింది. బండి మా ఇంటి ముందే ఉండిపోయింది. మధ్యలో ఆంక్షలు సడలించినప్పుడు అక్కావాళ్లు ఒక పూట వచ్చారు. బండిలోనే కుక్కర్ పెట్టి అన్నం, కోడికూర వండుకుని తిన్నాం. బావ కొత్తింటికి చేసినట్టు మంచం పక్క గోడకి పైన చర్చి కేలండర్ కూడా తగిలించాడు. మళ్లీ దారులు మూసేశారు.

రెండో చలికాలంలో వానలు పట్టుకున్నాయి. బండి తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. మంచం పక్క గోడ మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. ఫోన్ చేస్తే బావ, "ఆ రోజు కుక్కర్ ఆవిరి పట్టేసుంటదమ్మా, ఆరబెట్టు చాలు" అన్నాడు. నేనూ నమ్మాను.

సరిగ్గా అప్పుడే అక్కకి కోవిడ్ వచ్చింది. నాలుగు రోజులు ఇంట్లోనే దగ్గింది. తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత వెంటిలేటర్. చూడటానికి ఎవరినీ రానివ్వడం లేదు. మా వార్డులో ఒకరికి పాజిటివ్ రావడంతో నన్ను కూడా ఇంట్లో ఉండమన్నారు. ఎంతమంది చేతులు పట్టుకుని కూర్చున్నానో, నా సొంత అక్క చెయ్యి పట్టుకోలేకపోయాను.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. బండిలో దూరాను. అక్క వచ్చేసరికి ఇది బాగుండాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇది బాగైతే అక్క వస్తుంది అనుకున్నాను. చదువుకున్నదాన్ని, అయినా అలాగే అనుకున్నాను.

మంచం తీసేసి, గోడ కింది సగానికున్న ప్లైవుడ్ ఉలితో లేపాను. తడిసిన అట్టలా ఊడొచ్చింది. వెనక చెక్క బద్దలు నల్లబడిపోయాయి. కుళ్లిందంతా గీకి, హీటర్ పెట్టి ఆరబెట్టాను. వాన పడితే మళ్లీ తడి. నీళ్లు దిగకుండా కిటికీ చుట్టూ సందుల్లో సీలెంట్ పెట్టాను. అయినా తడి.

ఒక మధ్యాహ్నం కింద కూర్చుని గీకుతున్నాను. వాన ఆగింది. హీటర్ ఆపేసి ఉంది. గోడలోంచి చప్పుడు వినిపించింది. టక్, టక్. కాస్త ఆగి, టక్.

ఏలూరులో మా ఇంట్లో ఆరుగురికి ఒకటే స్నానాలగది. అక్కకి కాలేజీకి ఆలస్యమైతే తలుపు మీద అలాగే కొట్టేది. లోపల సబ్బు రుద్దుకుంటూ నేను పలికేదాన్ని. ఆ మధ్యాహ్నం కూడా, చేతిలో ఉలి చేతిలోనే ఉండగా, ఆలోచించకుండా పైకి అనేశాను.

"వస్తున్నా అక్కా!"

అన్నాక ఉలి కింద పెట్టేశాను. బండి దిగి చుట్టూ తిరిగి చూశాను. మనిషి లేడు, కొమ్మ లేదు, పిల్లి లేదు. మా ఆయన మేడ మీద తలుపేసుకుని ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాడు. లోపలికి వచ్చాక మళ్లీ వినపడింది, అదే వరస. ఈసారి ఎక్కడినుంచో తెలిసింది. పైన, కేలండర్ వెనక.

కేలండర్ తీశాను. బావ కొట్టిన మేకు చుట్టూ తుప్పు మరక. పీకితే నీళ్లు కారాయి. ఇటుక గోడ అనుకున్నాడో ఏమో, అంత పొడుగు మేకు కొట్టాడు. దాని మొన బయటి రేకుని చీల్చుకుని వెళ్లింది. మనవాళ్లకి గోడ కనిపిస్తే మేకు కొట్టందే నిద్ర పట్టదు కదా. వాన నీరంతా అందులోంచే దిగుతోంది. నేనేమో కిందే వెతుకుతున్నాను.

ఆ సాయంత్రం బావ ఏడుస్తూ ఫోన్ చేశాడు. మధ్యాహ్నం అక్క బీపీ పడిపోయిందట. ఆశ వదులుకోమన్నట్టే డాక్టర్లు మాట్లాడారట. తర్వాత దానంతటదే నిలబడిందట. అలా జరుగుతుందని నాకు తెలుసు. నా వార్డులోనే చూశాను. చప్పుడు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. నవ్వుతాడని కాదు, చెబితే ఏదైనా అవుతుందేమోనని భయం.

కొన్ని వారాలకి అక్క గొంతులో ట్యూబు తీశారు. అక్కడి నర్సు ట్యాబ్ పట్టుకుంది. వీడియోలో ఒకవైపు నేను, ఒకవైపు బావ. అక్క మొహం పీక్కుపోయి ఇంతైపోయింది. గొంతు గీరుకుపోయింది.

"ఎంతసేపు కొట్టానే..." అంది నన్ను చూసి. "చలిలో నిలబెట్టేశావు. తలుపు కనపడలా. గోడ మీద కొట్టా. ఎవరో పోదాం పద, పోదాం పద అంటానే ఉన్నారు. మా చెల్లి వస్తున్నా అంది, ఆగండి అన్నా. అక్కడే నిలబడిపోయా."

బావ కళ్లు తుడుచుకుంటూ, "మందుల మత్తమ్మా, ఏదో మాట్లాడతంది" అన్నాడు.

ఆంక్షలు ఎత్తేశాక అక్కా నేనూ సముద్రం దాకా వెళ్లాం. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం తనకి. బండి మెట్టు మీద కూర్చోబెట్టి, మెల్లిగా అడిగాను. తనకి ఏమీ గుర్తులేదు. "ఏ గోడే? ఏం కొట్టడం? నాకంటే నీకే ముందు మతి పోయేలా ఉంది" అని నవ్వింది. ఆ నవ్వు కోసమే కదా ఇన్నాళ్లూ మొహంవాచిపోయానని ఏడుపొచ్చింది.

తడిసిన చెక్క ఆరుతూ చప్పుడు చేస్తుంది. మత్తులో ఉన్నవాళ్లు ఏవేవో అంటారు. రెండూ నాకు తెలుసు. కానీ ఖాళీ బండిలో నేను అన్న ఆ ఒక్క మాట అక్క దగ్గరికి ఎలా చేరిందో నాకు తెలియదు. అలవాటుగా నోటికొచ్చిన మాట అది. ఆ మధ్యాహ్నం ఏ పరధ్యానంలోనో ఉండి నేను పలక్కపోయి ఉంటే అక్క ఎంతసేపు నిలబడేదో, ఇప్పటికీ ఆలోచించడానికి భయం.