భాగీరథి బర్రె త్రేన్పులు

మగ్గాల పనికి మేం వలసొచ్చిన ఖటోదరాలో, మా సందు చివర రేకుల కింద భాగీరథి ఒక బర్రెను సాకేది. ఆమె మొగుడు అంబదాస్ మగ్గాల కార్ఖానాలో కరెంటు కొట్టి పోయాడు. ఆనాటి నుంచి ఆమె ఏడ్చిందీ లేదు, నవ్విందీ లేదు. ఆ కార్ఖానా గడప మాత్రం తొక్కనంది. బర్రె పాలతో ఇల్లు గడిచినన్నాళ్లే ఆ మాట నిలుస్తుందని మా అందరికీ తెలుసు.

తొంభై ఆరు ఎండాకాలంలో పశువుల కాలేజీ నుంచి దేశాయ్ సార్ వచ్చాడు. బర్రె మూతికి ఒక తొడుగు కట్టి, దాని గొట్టాన్ని డబ్బాకు తగిలించాడు. బర్రె త్రేన్పులు పట్టుకునే ఉద్యోగం కూడా ఉంటుందని మాకేం తెలుసు! మొగవాళ్లు బీడీలు ఆర్పేసి మరీ చూశారు.

సార్ హిందీలో ఓపిగ్గా చెప్పాడు. నెమరేసే పశువు కడుపులో మీథేన్ అనే గ్యాస్ పుట్టి, త్రేన్పులతో నోట్లోంచి పోతుందట. మన ఎండలకు ముదిరిన గడ్డి తింటే ఇంకా ఎక్కువట. పాలు కావలసిన తిండి అలా గాలిపాలవుతోందట. ధాన్యం పిండి కొద్దికొద్దిగా అలవాటు చేస్తే గ్యాస్ తగ్గి పాలు పెరుగుతాయన్నాడు. మళ్లీ వచ్చి కొలుస్తానని చెప్పి వెళ్లాడు.

"మా అత్త నూలుకు పెట్టంగ మిగిలిన గంజి బర్రెకే పోసేది వదినా. అది గూడ పిండే గద," అంది భాగీరథి నాతో.

మా సాలోళ్ల ఇళ్లలో అందరం పోసినవాళ్లమే. కానీ మా ఊళ్లో మిగిలేది చెంబెడు పలుచని గంజి. ఇక్కడ ఆమె నూలుకు గంజి పెట్టే వేరే సైజింగ్ కార్ఖానా నుంచి తొట్టినిండా చిక్కటి గంజి మోసుకొచ్చింది. ఎండుగడ్డి తప్ప ఎరగని బర్రె తొట్టి నాకి నాకి శుభ్రం చేసింది.

తెల్లారేసరికి దాని ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుపోయింది. నెమరు లేదు. మా ఆయన డాక్టరు కోసం సైకిలెక్కాడు. భాగీరథి దానికి నూనె తాగించి, డొక్క నిమురుతూ కూర్చుంది.

"త్రేన్చవే నా తల్లీ. జర ఒక్కసారి త్రేన్చు."

డాక్టరు వచ్చేసరికి అది కాళ్లు చాపేసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కంట చుక్క రాలేదు. ఆ సార్ మీద నాకు ఒళ్లు మండింది. కొద్దికొద్దిగా అని ఆయన చెప్పనే చెప్పాడని గుర్తొచ్చి ఇంకా మండింది.

కొన్నాళ్లకు సార్ గొట్టం, డబ్బా పట్టుకుని మళ్లీ వచ్చాడు. భాగీరథి అప్పుడే సద్దిడబ్బా చేతపట్టి బయటికొస్తోంది.

"గ్యాస్ బంద్ సాబ్," అంది.

సార్ ముఖం వెలిగిపోయింది. గొట్టం విప్పుతూ బర్రె ఏదని అడిగాడు. ఆమె ఖాళీ గుంజ వైపు చెయ్యి చూపించి, షిఫ్టుకు ఆలస్యమవుతోందని అంబదాస్ పోయిన కార్ఖానాకేసి నడిచింది.