చూసి రాసిన సున్న

మొన్న పొద్దున కామారెడ్డిలో మా పిండిగిర్నికి బెల్టు ఎక్కిస్తుండగా ఎల్లారెడ్డి నుంచి మేనల్లుడి ఫోన్ వచ్చింది. "మామా, బాపు పోయిండు. చాయ్ తాగుదువు లే అని లేపితే లేవలే" అన్నాడు. గోడ గడియారం చూశాను. ఎనిమిదిన్నరకు ఇంకా పావుగంట ఉంది. ఇవాళ డబ్బా ఎవరు చూస్తారు అన్నదే నాకు మొదట తోచింది. మనిషి పోయాడంటే డబ్బా గురించి ఆలోచనేమిటని మీరనుకోవచ్చు. చెబుతాను. ఏడో తరగతితో బడి మానినవాణ్ని, అటూ ఇటూ పోతే సర్దుకుని చదవండి.

పోయినాయన నా భార్యకు సొంత అన్న, నాకు బావ. ఎల్లారెడ్డిలో తహసీల్ ఆఫీసు అటెండరు. ఆఫీసు ఆవరణలో కంచె లోపల వాన కొలిచే డబ్బా ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మూత తీసి, అందులో పడిన నీళ్లను గీతలున్న గాజుపాత్రలో పోసి, ఎంత పడిందో రిజిస్టరులో రాయడం ఆయన పని. చిన్న పనే. కానీ చేసే తీరు చూడాలండీ! గాజుపాత్రను బండమీద పెట్టి, గొంతుకూర్చుని, కన్ను నీటి అంచుకు సమంగా వచ్చేదాకా తల వంచేవారు. "నీళ్ల కాడికి మనం వంగాలె గని, నీళ్లు మన కాడికి లేస్తయా బావా" అనేవారు. ఇంటికొచ్చి అదే లెక్కను తన సొంత నోటుబుక్కులోనూ ఎక్కించుకునేవారు.

మా ఒక్కగానొక్క బిడ్డ ఎండాకాలం సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపేది. మామ వెంట పొద్దున్నే డబ్బా దగ్గరికి పోయేది. ఒకరోజు నేనూ ఉన్నాను. నిప్పులు చెరిగే ఎండ. అయినా ఆయన మూత తీసి, లోపలికి తొంగి చూసి, రిజిస్టరులో సున్న రాశారు.

"మామా, మొగులే లేదాయె, ఇంక తీసి చూసుడేంది?" అని నవ్వింది బిడ్డ.

"చూసి రాసిన సున్న వేరే, చూడక రాసిన సున్న వేరే బిడ్డా."

"కాయితం మీద రెండూ ఒక్కతీరే ఉంటయి గద!"

"గందుకే, రాసేటోడు సక్కగుండాలె."

ఆ మాట బిడ్డ మనసులో నాటుకుంది. నాకు నాటుకోలేదు. నాటుకుని ఉంటే మరుసటేడు ఆ పని చేసేవాణ్ని కాదు.

ఆ ఏడు ఆయన గాంధారిలో పెళ్లికి పోతూ బిడ్డను దింపడానికి వచ్చి ఉన్న నాకు రెండు రోజులు డబ్బా చూడమని అప్పజెప్పారు. మొదటిరోజు చూశాను. రెండోరోజు హోటల్లో ముచ్చట్లలో పడ్డాను. పైకి చూస్తే ఆకాశం అద్దంలా ఉంది. డబ్బా దగ్గరికి పోకుండానే చీటీమీద రెండు రోజులకూ సున్న రాసిపెట్టాను. ఆయన వచ్చి చీటీ చూసి ఒక్కటే అడిగారు. "రెండో నాడు మూత తీసినవా బావా?"

"ఏడ పడ్డది బావా వాన? చుక్క పడలే" అన్నాను.

"వాన సంగతి నేను అడుగుతలేను."

ఆయన రిజిస్టరులో ఆ రోజుకెదురుగా 'చూడలేదు' అని రాశారు. ఇంట్లో నోటుబుక్కులోనూ అదే రాశారు. పైఅధికారి అడిగితే తప్పు తనదేనని ఒప్పుకుని తిట్లు తిన్నారట. నా పేరు చెప్పలేదు.

బిడ్డ పెద్దదైంది. హైదరాబాదులో డేటా సైంటిస్టు ఉద్యోగం వచ్చింది. నాకు అర్థమైనంతలో, జనం ఏ సామాను ఎప్పుడు కొంటారో కంప్యూటరుతో ముందే చెప్పే పని. గిర్నికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాణ్ని. మిర్చి పట్టించుకునేవాళ్లు తుమ్ముకుంటూ వినేవారు. అట్లాంటిది, పోయిన ఏడు ఇంటికొచ్చి, "బాపూ, కొలువు ఇడిచిపెట్టి పీహెచ్‌డీకి పోత. నెదర్లాండ్స్‌ల చేర్చుకుంటం అన్నరు" అంది. "నడిచే గిర్నిని ఎవడన్న బంద్ వెడ్తడా? ముప్పై ఏండ్లొస్తున్నయ్, మల్ల బడికి పోతవా?" అని అరిచాను. "నువ్వు సరే అనంది పోను. గని మనసు చంపుకొని ఈ కొలువు జేస్త" అంది. చివరికి బావ చెబితే వింటుందని ఎల్లారెడ్డి బస్సెక్కించి నేనూ వెళ్లాను. ఆయన నా వైపే మాట్లాడతారని నా ధీమా.

బావ అంతా విని బిడ్డను అడిగారు. "ఆడ ఏం చదువుతవ్?"

"పాత వానల లెక్కలు మామా. కొన్ని తావుల సున్నలుంటయి. చూసి రాసిండ్రో, చూడక రాసిండ్రో తెల్వదు. గా సున్నలను నమ్మి బోర్లు ఏస్తరు, చెరువులు కడ్తరు. దొంగ సున్న ఏదో పట్టుకునే ఉపాయం కనిపెట్టాలె."

బావ లేచి లోపలికి పోయి, ట్రంకుపెట్టెలోంచి నోటుబుక్కులన్నీ మోసుకొచ్చి బిడ్డ ముందు పెట్టారు. ఒకటి తీసి, పేజీలు తిప్పి, 'చూడలేదు' అన్న చోట వేలు పెట్టారు.

"గీ ఉపాయం మీ బాపు అసొంటోళ్లను పట్టుకుంటదా?"

బిడ్డ నా మొహం చూసింది. అప్పటిదాకా దానికి తెలియదు. దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. అది పడీపడీ నవ్వింది. "నన్ను పట్టనీకి గంత దూరం పోవాల్నా బిడ్డా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. నాలాంటివాళ్లు బద్ధకించిన పొద్దులు, ఆయన వంచిన తల, రెండూ కలిసి ఇంత పెద్ద చదువుకు ప్రశ్న అయ్యాయా! "పో బిడ్డా" అన్నాను. మళ్లీ బస్సెక్కేదాకా ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

నోటుబుక్కులన్నిటికీ ఫోటోలు తీసుకుని పోయింది. చేరిన వారానికే వీడియోలో బల్ల చూపించింది. గోడకు ఆ 'చూడలేదు' పేజీ నకలు అంటించి ఉంది. అదేం రాతని దాని ప్రొఫెసరు అడిగితే చదివి చెప్పిందట. చూడలేదని ఒప్పుకుని రాసిన వాన పుస్తకం తన సర్వీసులో చూడలేదన్నాడట ఆయన. తన ఉపాయం సరైనదో కాదో ముందు ఆ నోటుబుక్కులతోనే సరిచూసుకుంటోందట నా బిడ్డ. సంతోషం పట్టలేక బావకు ఫోన్ చేశాను. ఆయన అన్నారు: "రాసింది నేను, చూడంది నువ్వు. గా పేజీల ఇద్దరం ఇమానం ఎక్కి పోయినం బావా."

రిటైరయ్యాక ఆయన అట్లాంటి డబ్బానే కొనుక్కుని తన మిద్దెమీద పెట్టుకున్నారు. పోయే ముందురోజు దాకా రాశారు. అదే రోజు దహనం అయింది. మర్నాడు పొద్దున బిడ్డ ఫోన్ చేసి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, "బాపూ, డబ్బా ఎవరన్న చూసిండ్రా?" అంది.

నేనింకా ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. మిద్దె ఎక్కాను. నోటుబుక్కు తీస్తే ఆయన పోయిన రోజు వరుస ఖాళీగా ఉంది. అక్కడ నా వంకర అక్షరాలతో 'చూడలేదు' అని రాశాను. ఎనిమిదిన్నర అయ్యేదాకా నిలబడ్డాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా మోకాళ్లు కలుక్కుమంటుంటే గొంతుకూర్చుని, మూత తీసి, తల వంచి చూశాను. పొడిగా ఉన్న అడుగున ఒక చీమ గుండ్రంగా తిరుగుతోంది. దాన్ని వేలితో బయటికి తీసి వదిలి, సున్న రాశాను.