మైనస్ గుర్తు దిద్దినవాడు

మొన్న సోమవారం బేగంపేటలోని మా ఆఫీసులో మేనేజరుగారు నన్ను పిలిచి, వచ్చే ఆరు నెలల్లో ఉద్యోగం మానేసేలా ఉన్నవాళ్ల జాబితా ఒకటి కంప్యూటరు చేత తీయించమన్నారు. తీస్తే, అందులో నా పేరు నాలుగోది. దానికి నేనేమీ ఉలిక్కిపడలేదు, పైన ఇంకా ముగ్గురున్నారు కదా అనుకున్నాను. కానీ మొదటి పేరు పక్కన కారణం కింద 'ఉదయం ఆలస్యం' అని కనిపించేసరికి, ఎమ్మెస్సీ రోజుల్లో నేను తీసిన మొట్టమొదటి జాబితా గుర్తొచ్చి, ఎదురుగా ఉన్న టీ తాగబుద్ధి కాలేదు. ముప్పై నిండకుండానే జ్ఞాపకాలేమిటని పెద్దలు నవ్వవచ్చు. మా చదువులో నేర్చుకున్నది ఏడాదికే పాతబడుతుంది గనుక ఆ లెక్కన నేను తాతల తరంవాణ్ణి. నాతోపాటు ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లు కాదనరు.

గణితం, డేటా సైన్సు కలిపి చెప్పే కోర్సు మాది. గణితం చెప్పేవారు ప్రతిదీ నిరూపించమనేవారు, డేటా చెప్పేవారు నిరూపణ ఎందుకు, పనిచేస్తే చాలనేవారు. రెండూ చేతకాని నాబోటివాళ్లం మధ్యలో హాయిగా ఉండేవాళ్లం. నా బెంచీ మిత్రుడు మాత్రం పూర్తిగా గణితం మనిషి. మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చేవాడు, వాళ్ల నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. తండ్రి బోల్టు బిగించినట్టే కొడుకు నిరూపణ రాసేవాడు, ఎక్కడా ఒక్క మెట్టు వదులుగా ఉండేది కాదు. నా నోట్సు చేతికి దొరికితే, "ఏందిరా ఇది, లెక్కనా ముగ్గా?" అని నలుగురికీ చూపించేవాడు.

మూడో సెమిస్టరులో నాకూ, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబపు అమ్మాయికీ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పాత బ్యాచీల హాజరు, మార్కులు చూసి, చదువు మధ్యలో ఆపేసేది ఎవరో ముందే చెప్పే నమూనా తయారుచేయాలి, దాన్ని మా తరగతి మీదే పరీక్షించాలి. గోప్యత కోసం పేర్లు తీసేసి రోల్ నంబర్లు మాత్రమే ఉంచాం. నలభైమందిలో ఎవరిది ఏ నంబరో అందరికీ కంఠతా వచ్చు గనుక, అది పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే.

మొదటిసారి నడిపితే, తరగతిలో మొదటి ర్యాంకు అమ్మాయి చదువు మానేస్తుందనీ, క్యాంటీనుకు మాత్రమే వచ్చే ఇద్దరు మహానుభావులు తప్పక గట్టెక్కుతారనీ వచ్చింది. ఏం చేయాలో తోచక సూత్రం రాసిన కాగితం పట్టుకెళ్లి మిత్రుడికి చూపించాను. క్యాంటీను మెట్ల మీద కూర్చుని ఒక్క చూపు చూసి, "మైనస్ యాడ వోయిందిరా, ఇంట్ల మర్చిపోయొచ్చినవా?" అని నా పెన్నే లాక్కుని గుర్తు పెట్టి ఇచ్చాడు. మళ్లీ నడిపాం. జాబితా మొత్తం తలకిందులైంది. అన్నిటికన్నా పైన పదిహేడో నంబరు. అది వాడిదే, ఉదయం హాజరు ఉన్నట్టుండి పడిపోయిందని కారణం.

నెల రోజులుగా వాడు మొదటి గంటకు రావడం లేదని నాకు తెలుసు. దొరవారు ఇప్పుడే లేచారా అని వెక్కిరిస్తే ట్రైను లేటనేవాడు. రైల్వేవాళ్ల పిల్లాడే రైలు మీద నెపం పెట్టడం భలేగా ఉందని నవ్వి ఊరుకున్నాను.

జాబితా చూశాక, పాపం చెప్పేద్దామని ఒకరూ, ఇప్పుడు చెబితే జాగ్రత్తపడి రోజూ వస్తాడు, అప్పుడు మన జోస్యం తప్పవుతుందని ఒకరూ అనుకున్నాం. ఆ రెండో మాట ఆ అమ్మాయి అన్నదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అన్నది నేనే. పైగా ఫలితం మీద ప్రభావం పడకుండా విద్యార్థులకు తెలియజేయలేదని రిపోర్టులో గర్వంగా రాశాను.

మూడు వారాల తర్వాత హాజరు చాలనివాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. వాడికి హాల్‌టికెట్టు రాలేదు. తగిన కారణం చూపి మినహాయింపు కోరే గడువు నాలుగు రోజుల ముందే దాటిపోయింది. నమూనా సరిగ్గా చెప్పిందని ప్రొఫెసరుగారు నాకు చేయి కలిపారు. క్యాంటీనులో సమోసాలు పంచాం. నేను రెండు తిన్నాను.

పరీక్షలయ్యాక, నా దగ్గర ఉండిపోయిన వాడి పుస్తకం ఇచ్చే నెపంతో మౌలాలి వెళ్లాను. ముందుగదిలో మంచం మీద వాళ్ల నాన్నగారు, పక్షవాతంతో కుడిపక్క పడిపోయి ఉన్నారు. సెలవులు అయిపోయి జీతం ఆగడంతో తల్లి ఒక హాస్టల్లో వంటపనికి తెల్లవారకముందే వెళ్లి పదింటికి వస్తుంది. అందాకా స్నానం, తిండి, మందులు వీడి చేతిలో. వాడు తండ్రిని పక్కకు తిప్పి దిండు సర్దుతుండగా, మనసులో ఉంచుకోలేక జాబితా సంగతి చెప్పేశాను.

"ఫస్ట్ నాదే వచ్చిందా?"

"నీదే."

"ఎన్ని దినాల ముందుగాల ఎరుకైందిరా?"

మూడు వారాలన్నాను. దిండు తట్టి తండ్రి తల కింద పెట్టాడు. "మైనస్ నేనే పెట్టిస్తిని గదరా," అని నవ్వాడు. తర్వాత మెల్లగా, "జెర ఒక్క మాట చెప్పకపోతివి. డాక్టర్ చిట్టీ పట్కొని ఉరికొస్తుంటి," అన్నాడు.

మంచం మీద నుంచి ఆయన ఏదో అన్నారు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు.

"చాయ్ తాగి పొమ్మంటుండు."

తాగాను. ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. తండ్రి ఆ మరుసటేడు పోయారట. వాడు తిరిగి కోర్సులో చేరలేదు, అక్కడే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాడని విన్నాను. విన్నానంతే, వెళ్లి చూసినవాణ్ణి కాదు.

నిన్న మా ఆఫీసు జాబితాలో మొదటి పేరు గల ఆవిడ బల్ల దగ్గరకు వెళ్లి, ఉదయాలు ఆలస్యమవుతున్నట్టుంది, ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాను. ఆవిడ నా మెడలోని గుర్తింపు కార్డు మీద డేటా విభాగం పేరు చదివి, ట్రాఫిక్ అండీ అని చెప్పి తెర వైపు తిరిగిపోయింది. ఆ రోజుల్లో ఒకే బెంచీ మీద భుజాలు రాసుకుని కూర్చునేవాళ్లం, అడిగి ఉంటే వాడు చెప్పేవాడు, నేనే అడగలేదు. ఇప్పుడు అడగడం నేర్చుకున్నాను. జాబితాలు తీసేవాడికి ఎవరైనా ఎందుకు చెబుతారు?

ఆ జాబితా ఇంకా నా దగ్గరే ఉంది. మేనేజరుగారు ఇప్పటికి రెండుసార్లు అడిగారు. ఎక్కడో మైనస్ గుర్తు తప్పినట్టుంది, సరిచూస్తున్నానని చెప్పాను.