ఎర్ర దీపం లేచిన దిబ్బ

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా నాకు కోతలరాయుడని పేరుంది. ఉంటే ఉండనివ్వండి. ఈ ఒక్కటీ నమ్మండి.

బాపట్లకీ నిజాంపట్నానికీ నడుమ ఇసుక దిబ్బలున్నాయి. ఒకప్పుడు సైనికులు అక్కడ తుపాకి కాల్చడం నేర్చుకునేవారు. రాత్రి కాల్పులుంటే దిబ్బ మీది గుంజకు ఎర్ర దీపం ఎత్తేవారు. అది కనిపిస్తే పల్లెవాళ్ళు ఉన్నచోటే బోర్లా పడుకోవాలి. సైన్యం వెళ్ళిపోయి ఏళ్ళయింది. గుంజ పుచ్చి పడిపోయింది. ఇప్పుడా దిబ్బలు తాబేళ్ళు గుడ్లు పెట్టే రక్షిత భూమి.

ఆ గూళ్ళకు కాపలా మా పోలయ్య బాబాయ్. మొన్న వేసవి మొదట్లో ఒక రాత్రి ఆయనకు తోడు వెళ్ళాను. ఒక గూట్లో పిల్లలు నేడో రేపో బయటికొస్తాయి. చుట్టూ తడిక కట్టాడు.

అర్ధరాత్రి దాటింది... గుర్రుమంటూ ట్రాక్టరు. ఇసుక దొంగ! నా ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"ఆపరా! గూడుంది, కనపడట్లా?"

"తప్పుకో బాబాయ్! నీ తాబేళ్ళకి పట్టా ఇచ్చారా ఏంటి?"

"నీకిచ్చారేంట్రా సిగ్గులేనోడా? పసిగుడ్లని తొక్కి ఎవడికి కడతావురా మేడలు?"

గేరు పడింది. చక్రం తడికను తాకింది. ఫట్... వెదురు విరిగింది.

అప్పుడు...

గాలి ఆగింది. సరుగుడు తోపు హోరు ఆగింది. సముద్రం కూడా... ఊపిరి బిగబట్టినట్టు. దిబ్బ కొసన ఎర్రటి చుక్క. మెల్లగా... మెల్లగా పైకి లేచింది. గుంజ ఎత్తు దాకా లేచి... అక్కడే ఆగింది.

"బోర్లా పడండ్రా!" పోలయ్య బాబాయ్ కేక.

డ్రైవరూ ఆ పల్లెవాడే. ఆ దీపం భయం వాడికి తాత నేర్పి పోయాడు. దూకి ఇసుకలో మొహం పెట్టాడు. ఇంజను దగ్గి ఆగింది. ఎంతసేపో తెలియదు... తలెత్తేసరికి దీపం లేదు. వాడు బండి వదిలేసి పరుగు.

తెల్లారి దిబ్బెక్కి చూశాం. ఒక్క అడుగుజాడ లేదు. ఆ సాయంత్రమే పిల్లలు బిలబిలా సముద్రంలోకి దిగాయి.

అమ్మ మీద ఒట్టేశాను గనక చెప్పేస్తున్నా. ఒక్కటి కల్పించాను. అడ్డంగా నిలబడింది నేను కాదు. ఆ తిట్లూ నావి కావు. డెబ్బయ్యేళ్ళ పోలయ్య బాబాయ్‌వి. చప్పుడు వినగానే నేను సరుగుడు చెట్టు వెనక నక్కాను. ఆ దొంగ మీద కోపం చల్లారినా, నా మీది మంట చల్లారడం లేదు.

ఆ దీపం మాత్రం... నేను కల్పించింది కాదండి. ఎవరెత్తారో... ఇప్పటికీ తెలియదు.