గింజల షెడ్డులో పెద్దమ్మ కొలిచిన ఎత్తు

జీడిగింజలు పగలగొట్టే పనిలోనే జుట్టు నెరిసిన మా షెడ్డు పెద్దమ్మ పోయినవారం కన్నుమూసింది. ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది.

దమ్మపేట దగ్గర ఆ జీడిపప్పు కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరిన కొత్తలో, ఒంటినొప్పులు రాకుండా ఎలా కూర్చోవాలో, ఎలా పనిచేయాలో నియమాలు రాయమని నాకు అప్పగించారు. ఇంటర్నెట్ చూసి ఇరవై పేజీలు రాశాను. అందులో అన్నీ ఆఫీసు కుర్చీల బొమ్మలే. షెడ్డులో అందరి ముందూ చదివితే పెద్దమ్మ చివరిదాకా మర్యాదగా విని, లేచి తన స్టూలు నా వైపు జరిపింది.

"ఒక్క పూట కూసోని చూడు బిడ్డా. మిగతాది తర్వాత రాద్దువు."

కూర్చున్నాను. కాలితో పెడల్ తొక్కుతూ, చేత్తో హ్యాండిల్ నొక్కుతూ గింజ పగలగొట్టాలి. మధ్యాహ్నం అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడమే కష్టమైంది. ఆమె నవ్వలేదు. నా భుజం తడిమి, నొప్పి ఎక్కడుందో నాకంటే ముందు తనే చెప్పింది.

ఆమెకు చదువు రాదు. మర్నాటి నుంచి నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్లింది. వాళ్ల మోచేతికీ బల్లకీ మధ్య ఎత్తును జానతో కొలిచేది. బల్లలన్నీ ఒకటే ఎత్తు. పొడుగువాళ్లు వంగిపోతున్నారు, పొట్టివాళ్ల భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో కోయ భాషలో మాట్లాడి, వాళ్లు సిగ్గుపడి దాచుకున్న నొప్పులు కూడా నాతో రాయించింది.

బల్లల ఎత్తు మార్చాలి, గంటకోసారి లేచి నిలబడనివ్వాలి అంటే మేనేజరు ఒప్పుకోలేదు. పని తగ్గుతుందన్నాడు. నేను కాగితాలు సర్దుకోబోయాను. ఎదురు చెబితే తన పనికే ముప్పని తెలిసి కూడా నాతో వచ్చిన పెద్దమ్మ కదల్లేదు.

"చేతులు పడిపోయి మేం ఇంట్ల కూసుంటే, గప్పుడు పని తగ్గదా సార్?"

ఒక్క వరస బల్లలకే మార్చి, రెండు వారాలు చూద్దామన్నాడాయన. పని తగ్గలేదు, పైగా పప్పు విరగడం తగ్గింది. తర్వాత షెడ్డంతా మారింది. నా ఇరవై పేజీలు నాలుగయ్యాయి. వాటిమీద ఆమె పేరు వేస్తానంటే, "అందరివి రాస్తవా? రాయకుంటే నాది వద్దు" అంది. అందరివీ రాశాను.

ఆ తర్వాత ఏ కంపెనీకి నియమాలు రాసినా, ముందు ఆ పని నేను చేసి చూశాకే రాశాను. నా ఉద్యోగంలో మంచి ఏమైనా ఉంటే అది ఆమె చలవే.

భద్రాచలం దవాఖానాలో ఆమె చివరి రోజుల సంగతి కూతురు చెప్పింది. సూది వేయడానికి నర్సు బాగా వంగుతుంటే పెద్దమ్మ కళ్లు తెరిచి, మంచం కొంచెం పైకి లేపుకోమని, లేకుంటే నడుము పోతుందని చెప్పిందట. నర్సు మంచం హ్యాండిల్ తిప్పిందట. మంచం మెల్లగా పైకి లేచాక, ఆ అమ్మాయి నిటారుగా నిలబడి పెద్దమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుందట.