తోట దీపాల కింది మట్టి

మా ఇల్లు సూరత్ శివార్లలో, కామ్‌రేజ్ దాటాక, హైవే వదిలి లోపలికి వెళ్ళే దారిలో, ఒక కొత్త ఇళ్ళ సొసైటీలో ఉంది. మేం దిగేనాటికి సగం ఇళ్ళకు తాళాలే. మా వరుసలో మాదే చివరిది. ప్రహరీ అవతల చెరుకు తోట. గాలి వీస్తే ఎవరో అటువైపు కాగితాలు నలుపుతున్నట్టు ఉండేది.

అంతకుముందు, పెళ్ళయిన నాటి నుంచీ సూరత్ మగ్గాల పేట ఉన్‌లో రెండు గదుల్లో కాపురం. అక్కడ నా తులసి మొక్క కూడా నూనె డబ్బాలోనే పెరిగింది. మా ఆయన, సచిన్ అనే పారిశ్రామికవాడ వైపు, బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో సూపర్‌వైజరు. నేను ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. మాతోపాటు మా అత్తమ్మ. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురిగా సూరత్ వచ్చిన మనిషి. మామయ్య పవర్‌లూమ్ మగ్గాలు నడిపితే, ఆమె ఇంట్లో కండెలు చుట్టేది. మామయ్య పోయాక మాటలు బాగా తగ్గించేసింది. కొత్త ఇంట్లో ఆమెకు నచ్చినదల్లా ముందున్న కాస్త తోట. పొద్దున, సాయంత్రం వట్టి కాళ్ళతో గడ్డిలో తిరిగేది.

ఆ తోటకు దీపాలు పెట్టించాలన్నది మా ఆయన కోరిక. స్టేషన్ దగ్గరి ఒక దుకాణానికి వెళ్ళాం. తోట దీపాలు ఎంచుకోవడం అంత పని అని నాకు తెలియదు. మా ఆయన తెల్లని వెలుగు కావాలన్నాడు. వెలిగించి చూపిస్తే ఆస్పత్రి వరండాలా అనిపించి నేను వద్దన్నాను. చివరకు పసుపు వెలుగు తీసుకున్నాం. నడిచే దారి వెంట మోకాలి ఎత్తు స్తంభాల్లాంటివి, దేవగన్నేరు చెట్టు కింద నేలలో గుచ్చి పైకి వెలుగు కొట్టేది ఒకటి. వానకు తట్టుకుంటాయా అని అడిగితే, దుకాణదారు ఒకదాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద పట్టి చూపించాడు. దీపం బాగుందా లేదా అనే చూశాం కానీ, దాని దాకా వెళ్ళే వైరు గురించి ఎవరమూ అడగలేదు.

సొసైటీలో పనులు చేసే ఎలక్ట్రీషియన్ వచ్చి, లోతులేని కాలువ తవ్వి, వైరు పరిచి, అతుకులకు టేపు చుట్టి మట్టి కప్పేశాడు. పొద్దు వాలగానే వాటంతట అవే వెలిగేలా టైమరు పెట్టాడు.

మొదటి సాయంత్రం తోట అందంగానే ఉంది. కానీ వెలుగు కింద నుంచి వస్తే తెలిసిన వస్తువులే తెలియనివిగా మారతాయని అప్పుడే చూశాను. దేవగన్నేరు కొమ్మల నీడ గోడ మీద పడి మేడ దాకా పాకింది. కొమ్మ కాస్త కదిలినా గోడ మీద ఒక పెద్ద చెయ్యి వేళ్ళు ముడిచి తెరిచినట్టుండేది. అత్తమ్మ ఆ వెలుగు పక్కన నిలబడితే గడ్డమూ ముక్కుపుడకా మెరిసేవి, కళ్ళు ఉండాల్సిన చోట రెండు చీకటి గుంటలు కనిపించేవి. చూడలేక లోపలికి పిలిచేదాన్ని.

వానలు మొదలవగానే కొత్త బాధ వచ్చింది. దీపాలు వెలిగిన కాసేపటికి బోర్డులో ట్రిప్ స్విచ్ పడిపోయి ఇల్లంతా చీకటయ్యేది. పైకెత్తితే మళ్ళీ పడేది. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బోర్డు విప్పి, ఒక వైరు తీసి ఇంకోచోట బిగించాడు. "అబ్ నహీ గిరేగా, బెన్" అన్నాడు. ఇక పడదు అక్కా, అని. నిజంగానే పడలేదు. ఆ పూట అతనికి చాయ్ పెట్టి ఇచ్చాను కూడా.

ఆ తర్వాత ఒక సాయంత్రం ట్యూషన్ పిల్లలు వెళ్ళిపోయాక వరండాలో కూర్చున్నాను. వాన లేదు, గాలి లేదు. దీపాలు వెలిగాయి. కాసేపటికి గడ్డి కదలడం మొదలైంది. మొదట కళ్ళు అలిసి అలా కనిపిస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే వానపాములు. ఒకటీ రెండూ కాదు, మట్టి లోపల ఏదో తరుముతున్నట్టు గడ్డి మొదళ్ళలోంచి మెలికలు తిరుగుతూ పైకి వస్తున్నాయి. అన్నీ దేవగన్నేరుకు దూరంగానే పాకుతున్నాయి. సిమెంటు దారి మీదికి చేరినవి అక్కడే కొట్టుకుంటున్నాయి. పొద్దున చూస్తే దారంతా చచ్చిన వానపాములు. వాటి మధ్య ఎర్రకళ్ళ జెముడుకాకి ఒకటి తొందర లేకుండా నడుస్తూ ఏరుకు తింటోంది.

"వానలకు ఎర్రలు పైకి రావా ఏంది? లోపట నీళ్ళు నిండితే అస్తయి," అన్నాడు మా ఆయన.

"వాన లేని రోజు గూడ అస్తున్నయి. దీపాలు పెట్టినంకనే అస్తున్నయి."

"వెలుగుకు అస్తయేమో," అన్నాడు. నాకూ వేరే కారణం తోచలేదు.

రోజూ రొట్టె కోసం వచ్చే వీధి కుక్క ఒకటి ఉండేది. అది సాయంత్రం లోపలికి రావడం మానేసింది. గేటు దగ్గర నిలబడి, ముందు కాలు గడ్డి మీద పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుని మూలిగేది. నేను రొట్టె చూపించి పిలిస్తే నన్ను కాక నా కాళ్ళ కింద నేలను చూసేది.

ఈ మార్పుల్లో అత్తమ్మ మాత్రం తోటకు ఇంకా దగ్గరైంది. అంతకుముందు తిరిగేది, ఇప్పుడు తిరగడం లేదు. దీపాలు వెలిగే వేళకు వెళ్ళి దేవగన్నేరు దగ్గర కదలకుండా నిలబడుతోంది. తల కాస్త వంచి, దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు.

"ఏం జేస్తున్నవ్ అత్తమ్మా తడిల? లోపటికి రా," అన్నాను ఒకరోజు.

"సప్పుడు చెయ్యకు," అంది. కళ్ళు నేలకు దించి, "కాళ్ళ కింద ఎవలో గీకుతున్నరు బిడ్డా. సన్నసన్న ఏళ్ళతోటి," అంది.

 మా ఆయనకు చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమెకు షుగర్ ఉంది. అరికాళ్ళలో తిమ్మిర్లు మామూలేనని డాక్టరు మాత్రలు రాశాడు. అత్తమ్మ మాత్రలు వేసుకుంది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడింది. ఆ ముఖంలో భయం లేదు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను.

ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తున్నాం. ఆమె ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"మీ ఆయన కంటే ముందు నాకొక పొల్ల పుట్టింది. ఎరికేనా?"

ఆయనకు ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని నాకు తెలియదు. మా ఆయనకూ తెలియదని తర్వాత అర్థమైంది.

"గప్పుడు ఉన్ల కొత్తగా అచ్చినం. జరం అచ్చింది పొల్లకు. పేరు గూడ పెట్టలే. మీ మామ, ఇంకో ఇద్దరు తీస్కపోయి ఖాడీ గట్టున బొంద పెట్టిన్రు. నన్ను రానియ్యలే." ఊరి మురుగంతా మోసుకుపోయే వాగును ఇక్కడ ఖాడీ అంటారు. ఆమె చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. "పాలు తాగుకుంట గోళ్ళతోటి గిట్లనే గీకేది. మట్టి మట్టి ఒకటే గదా బిడ్డా. ఏడ్నుంచైనా అస్తది."

 ఆ రోజు నుంచి సాయంత్రం దీపాలు వెలుగుతుంటే బయటికి చూడాలంటే భయమేసేది. గోడ మీద కొమ్మల నీడను చూడకుండా కర్టెన్ లాగేసేదాన్ని. లాగాక, కర్టెన్ వెనక ఏం జరుగుతోందోనని మళ్ళీ తీసేదాన్ని.

శ్రావణం నడుస్తోంది. ఆ సాయంత్రం వాన అప్పుడే ఆగింది, గడ్డి మీద నీళ్ళు నిలిచాయి. మా ఆయన మిల్లు నుంచి రాలేదు. అత్తమ్మ అప్పటికే చెట్టు కింద ఉంది. నిలువునా సన్నగా వణుకుతోంది. చలేస్తోందేమో, పడిపోతుందేమో అని చెప్పులు తొడుక్కోకుండానే పరుగెత్తాను.

గడ్డి మీద రెండు అడుగులు వేయగానే అరికాళ్ళలో చీమలు పాకాయి. ఇంకో అడుగుకు అవి చీమలు కావు, వేళ్ళు. కాలి వేళ్ళ సందుల్లోకి చిన్న వేలు ఒకటి దూరి గీరుతున్నట్టు. ఆమె చెయ్యి పట్టుకునేసరికి నా పిక్కను ఎవరో గట్టిగా పిసికారు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ నిమిషం నేను నమ్మాను. మా కాళ్ళ కింద ఒక పాప ఉందని పూర్తిగా నమ్మాను.

"అచ్చిందా? నీక్కూడ తెలుస్తుందా?" అని అత్తమ్మ నా ముఖంలోకి చూసింది. కింది వెలుగులో ఆమె పళ్ళు మాత్రమే కనిపించాయి.

అప్పుడే కరెంటు పోయింది. మొత్తం సొసైటీ, రోడ్డు, అన్నీ చీకటి. అదే క్షణాన కాళ్ళ కింద పట్టు వదిలేసింది. చల్లని నీళ్ళు, గడ్డి, అంతే.

"పోయింది," అంది అత్తమ్మ నీరసంగా.

చెరుకు తోటలో చప్పుడు వింటూ ఆ చీకట్లో ఇద్దరం నిలబడ్డాం. కాసేపటికి కరెంటు వచ్చింది, దీపాలు వెలిగాయి, పిక్కలో మళ్ళీ పట్టు. ఆ వెలుగుతోపాటే నాకు అర్థమైంది. ఎలా లాగానో తెలియదు, ఆమెను నడుము పట్టి ఈడ్చి వరండా మెట్ల మీద పడేశాను. ఆమె ఏడుస్తోంది. "ఇడువు, ఇడువు నన్ను" అంటోంది. లోపలికి పరుగెత్తి మెయిన్ ఆఫ్ చేశాను.

మా ఆయన వచ్చాక చెప్పాను. నమ్మలేదు. రబ్బరు చెప్పులు వేసుకుని, మెయిన్ మళ్ళీ ఆన్ చేయించి, టెస్టర్ తీసుకుని వెళ్ళాడు. దేవగన్నేరు మొదట్లో దాని మొన మట్టిలో గుచ్చాడు. టెస్టర్ లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది. వట్టి మట్టిలో. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. చేత్తో సైగ చేస్తే నేను మెయిన్ ఆపేశాను.

మరునాడు వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తవ్వించాం. చెట్టు కింద అతుకు దగ్గర టేపు కుళ్ళి ఊడిపోయింది. రాగి నల్లబడింది. అన్ని వానల్లోనూ ఆ పిడికెడు మట్టి మాత్రం కాలినట్టు పొడిగా ఉంది. కరెంటు మట్టిలోకి కారుతున్నందుకే మొదట్లో ట్రిప్ స్విచ్ పడుతూ వచ్చింది. పాత ఎలక్ట్రీషియన్ తోట లైనును ఆ స్విచ్‌కు అందకుండా తప్పించాడు. ఇంకా లోతుగా తడిస్తే, ఇంకాస్త దగ్గరగా నిలబడితే ఏమయ్యేదో కొత్తతను చెబుతుంటే మా ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. పాతతను ఫోన్ ఎత్తలేదు, మా సొసైటీకి మళ్ళీ రాలేదు.

పాత వైరంతా పీకించాం. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పన్నెండు వోల్టుల దీపాలు వేయించాం. వైరు పైపులో, అతుకులు నేలకు పైన డబ్బాలో. తోట లైనును మళ్ళీ ట్రిప్ స్విచ్ కిందికి తెచ్చాం. ఇప్పుడు నెలకోసారి దాని టెస్ట్ బటన్ నేనే నొక్కి చూస్తాను, డబ్బాలు విప్పి తడి చేరిందేమో చూస్తాను, దీపాల అద్దాలు తుడుస్తాను.

కొత్త దీపాలు వెలిగిన సాయంత్రం అత్తమ్మ వెళ్ళి చెట్టు దగ్గర నిలబడింది. మేమిద్దరం వరండాలో ఉన్నాం. చాలాసేపు నిలబడింది. ఒక కాలు మార్చి ఇంకో కాలు పెట్టింది. తిరిగి వచ్చి, "రాలే," అంది.

"అమ్మా, అది కరెంటే. టెస్టర్ పెట్టి సూసిన గద," అన్నాడు మా ఆయన.

"కాదని నేనన్ననా? కరెంటే కావచ్చు. మట్టిలకెళ్ళి అచ్చింది గద," అంది ఆమె.

వానపాములు రావడం ఆగింది. కుక్క మళ్ళీ వచ్చింది. నాకు మాత్రం ఆ గడ్డి మీద వట్టి కాళ్ళు పెట్టడం ఇప్పటికీ చేతకాదు. కారణం తెలిశాక భయం పోవాలి కదా అంటారు. కానీ నా కాలి వేళ్ళ సందుల్లో గీరిన ఆ చిన్న వేలు నాకు గుర్తున్నది వేలుగానే, కరెంటుగా కాదు.

తనకు ముందు పుట్టి పోయిన అక్క సంగతి మా ఆయనకు నేనే చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం ఆయన తల్లిని ఆటోలో కూర్చోబెట్టుకుని ఉన్ తీసుకెళ్ళాడు, నేనూ వెళ్ళాను. ఖాడీకి ఇప్పుడు సిమెంటు గోడ కట్టారు. గట్టు పొడవునా మగ్గాల షెడ్లు. పాపను ఎక్కడ పూడ్చారో ఆమెకు తెలియదు, అడగడానికి ఆనాడు మామయ్యతో వెళ్ళిన ఆ ఇద్దరూ లేరు. మగ్గాల దెబ్బలకు రోడ్డు సన్నగా అదురుతోంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు మా ఆయన.

"చెప్తే ఏం చేస్తుంటివి," అంది ఆమె. గోడ పక్కన మట్టిని చూస్తూ, "గింత సప్పుడుల ఎట్ల పండుకుంటదిరా పొల్ల," అంది.

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. షిఫ్టు మారే వేళయి షెడ్ల లోంచి మనుషులు బయటికి వస్తున్నారు. వాళ్ళకు దారి ఇస్తూ మేం పక్కకు జరిగాం.