గింజల అర్రలో చీకటి పాఠం

మా నాయనమ్మకు చూపు పోయి రెండేళ్లయినా గింజల అర్ర తాళంచెవి మాత్రం ఆమె కొంగు ముడిలోనే ఉండేది. నిజాంసాగర్ కాలువ కింద పండిన బియ్యం, కందులు, మిరపకాయలు, బెల్లం అన్నీ కిటికీ లేని ఆ గదిలోనే. ఇక ఆ పెత్తనం కోడలికి అప్పగించమని మా నాయన ఆ పొద్దున్నే అడిగాడు. ఆమె ఇవ్వనూ లేదు, కాదననూ లేదు. ఆ తాళంచెవి పోతే ఆమె ఓ మూలన కూర్చోబెట్టిన ముసలిదైపోతుందని నా భయం.

నిజాం రోజుల్లో బాన్సువాడ బడిలో చదువంతా ఉర్దూలోనే కనుక, నాకు తెలుగు చెప్పడానికి ఒక పంతులుగారు ఇంటికి వచ్చేవారు. మాటల పుట్టుక తవ్వడం మొదలుపెడితే ఆయనకు ఆకలి కూడా గుర్తుండదు. ఆ రోజు చీకటిని పట్టుకున్నారు. తమస్సుకు మూలంలో సొమ్మసిల్లడమనే అర్థం ఉందన్నారు. అంధకారమంటే గుడ్డిని చేసేదన్నారు. మన చీకటి కూడా ‘చీకు’ నుంచే వచ్చిందని, చీకంటే గుడ్డితనమని చెప్పి, పక్కనే ఉన్న నాయనమ్మను చూసి నాలుక్కరుచుకున్నారు. అక్కడే కూర్చున్న నాయన తల దించుకున్నాడు. నాకు పంతులుగారి మీద ఒళ్లు మండిపోయింది.

నాయనమ్మ మాత్రం నవ్వింది. పంతులుకు కందులు పెడతాను రమ్మని మా ముగ్గురినీ అర్రలోకి తీసుకుపోయి, లోపలి నుంచి తలుపు మూసింది. పట్టపగలే అయినా కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. పంతులుగారి తల దూలానికి తగిలింది. నాయన చెయ్యి మిరపకాయల గంపలో పడింది. ఆ చేత్తోనే ముక్కు తుడుచుకున్నట్టున్నాడు, ఒకటే తుమ్ములు. నేను బెల్లం కుండ పక్కన ఉన్నాను, నాకేం తొందర లేదు. ఈలోగా నాయనమ్మ సోలతో కందులు కొలిచి పంతులుగారి కండువాలో పోసింది. ఒక్క గింజ కింద రాలిన చప్పుడు వినబడలేదు.

“ఇగ చెప్పు పంతులూ, గీ అర్రల చీకు ఎవలకు?”

తుమ్ముల మధ్యలోంచి నాయన గొంతు వినిపించింది.

“అవ్వా, జర చెయ్యియ్యి. నాకు దారి దొరుకుతలేదు.”

ఆమె చెయ్యిచ్చి నడిపించుకొచ్చింది. తాళంచెవి మాట నాయన మళ్లీ ఎత్తలేదు. ఎండలోకి వచ్చాక కూడా చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.